టీఎక్స్‌టీ ఎవరిది?

నెలాఖరు శనివారం మధ్యాహ్నం అన్న తన సింహాసనం ఎక్కేవాడు. సింహాసనమంటే వర్క్‌షాపులో పొడవాటి బల్ల చివర ఉన్న ఎత్తు స్టూలు. అక్కడ కూర్చుని, బల్లమీదా అరల్లోనూ కనిపించిన వస్తువులన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపించి, "ఇదెవరిది?" అని అడుగుతాడు. ఎవరైనా "నాది" అని, అది దేనికి పనికొస్తుందో ఒక్క ముక్కలో చెబితే ఆ వస్తువు బతికిపోతుంది. ఎవరూ పలక్కపోతే బుట్టలోకి పోతుంది. అలా పోయినవాటిలో కొత్త కుంచెలున్నాయి, పని మధ్యలో ఆగిన అచ్చులున్నాయి, ఒకసారి వదిన చేతి గడియారం కూడా ఉంది. ఆమె ఆ సమయానికి స్నానానికి వెళ్ళింది.

ఈ పద్ధతికి అన్న శుభ్రత అని పేరు పెట్టుకున్నాడు. చెల్లెలు దాన్ని భయం అనుకునేది. తనకు అర్థం కాని వస్తువు కళ్ళెదుట ఉంటే అన్నకు ఊపిరాడదు. ఆ సంగతి ఒప్పుకునే ధైర్యం లేదు కాబట్టి దాన్ని నియమంగా మార్చుకున్నాడు. నియమం కాబట్టి నలుగురి ముందూ అమలు చేస్తున్నాడు. నలుగురూ తలొంచుకుని నిలబడుతున్నారు కాబట్టి అది నిజంగానే శుభ్రత అని నమ్ముతున్నాడు. చెల్లెలు ఈ వరసంతా మనసులో ఎన్నోసార్లు విప్పి చూసుకుంది. విప్పిన ప్రతిసారీ తృప్తిగా ఉండేది.

అక్కడ తయారయ్యేవి కృత్రిమ కళ్ళు. జనం గాజు కళ్ళంటారు గాని నిజానికి గట్టి ప్లాస్టిక్. కన్ను పోయినవాళ్ళు వస్తారు. అన్న కంటిగుంటకు అచ్చు తీస్తాడు. చెల్లెలు చిన్న బిళ్ళ మీద కనుపాప రంగులు వేస్తుంది, తెల్లగుడ్డు మీద రక్తనాళాల కోసం సన్నటి ఎర్ర పట్టుదారాలు పరుస్తుంది. చివర్న పాలిష్ మామయ్య దానికి తడిమెరుపు తెస్తాడు. ఆయన ఎవరికీ మేనమామ కాడు. పాతికేళ్ళుగా అదే చక్రం ముందు కూర్చోవడం వల్ల వచ్చిన వరస అది.

ఆ నెల చెల్లెలికి ఒక్కటే ధ్యాస. వేరే ఊళ్ళోని పెద్ద కంటి ఆసుపత్రిలో కృత్రిమ నేత్రాల విభాగానికి మనిషి కావాలన్నారు. ఆమె దరఖాస్తు పెట్టింది. పనిచేస్తున్న చోటి మెయిలు నుంచే దరఖాస్తూ, ఆ తరవాతి ఉత్తరాలూ రావాలని వాళ్ళ షరతు. లేని అనుభవం ఉందని బుకాయించేవాళ్ళను వడగట్టడానికట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ఉద్యోగం వస్తే వెళ్ళిపోతుంది. రాకపోతే, వచ్చిన ప్రతి మనిషితోనూ అన్న "మా చెల్లెలండీ, చెయ్యి పట్టుకుని నేనే నేర్పాను" అనడం వింటూ ఈ బల్ల దగ్గరే ముసలిదవుతుంది. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అన్న వేసే కనుపాపలు చొక్కా గుండీల్లా ఉంటాయి.

ఆ శనివారం బల్ల ఖాళీ అయిపోయాక కూడా అన్న స్టూలు దిగలేదు. "ఇంకోటుంది," అని గోడవైపు చూపించాడు. అక్కడ మేధావి ఒక తెర వేలాడదీసి కంప్యూటరు తగిలిస్తున్నాడు.

మేధావి అనే పేరు వదిన పెట్టింది. వెబ్‌సైట్లు తయారుచేస్తానని ఒకరోజు తనంతట తనే వచ్చి చేరినవాడు. అది పొగడ్త అనుకుని, ఫోనెత్తితే "మేధావిని మాట్లాడుతున్నాను" అనేవాడు. వర్క్‌షాపు సైటును కొత్తచోటికి మారుస్తున్నాడు. దానికోసం వర్క్‌షాపు డొమైన్ సెట్టింగులు తెరవాల్సొచ్చింది. వాటి పాస్‌వర్డు అన్న ఒక్కడికే తెలుసు. కాగితం మీద రాయడు, ఎవరికీ చెప్పడు, కొట్టేటప్పుడు ఒళ్ళంతా కీబోర్డు మీదికి వంచేస్తాడు.

తెరమీద ఒక పట్టిక వెలిగింది. వరసలు, వరసలకు ముందు పొడి అక్షరాలు, వెనక అంకెలూ చుక్కలూ.

"డీఎన్‌ఎస్ రికార్డులంటారు సార్," అన్నాడు మేధావి. "మన పేరు పట్టుకుని ఇంటర్నెట్లో ఎవరేం అడిగినా జవాబులు ఇందులోంచే వెళ్తాయి. కాని ఇందులో చాలావరకు పాత చెత్త. తీసేస్తే మన సైటు గుర్రంలా పరిగెడుతుంది."

పట్టికకూ సైటు వేగానికీ సంబంధం లేదు. చెల్లెలికి ఆ సంగతి తెలుసు. రెండేళ్ళ కింద మెయిలు ఒకసారి ఆగిపోతే, బాగుచేసేవాడు దొరక్క, కూర్చుని నేర్చుకుంది. ఏ ప్రశ్నకు ఏ రకం రికార్డు జవాబు చెబుతుందో, ఒకటి తప్పితే ఏది కూలుతుందో తెలుసుకుంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. తనకు తెలిసింది ఎదుటివాళ్ళకు తెలియకపోవడంలో ఆమెకు ఒక సుఖముండేది. సుఖమని ఒప్పుకునేది కాదు.

అన్న గొంతు సవరించుకున్నాడు. "ఏ. ఇదెవరిది?"

"నాది సార్," అన్నాడు మేధావి. "ఎవరైనా మన పేరు చెబితే, సైటున్న మిషన్ నంబరు చెప్పేది అది. కొత్త నంబరు వేస్తాను."

"ఉండనీ. సీనేమ్?"

"అదీ నాదే. ముందు మూడు డబ్ల్యూలు కొట్టి వచ్చేవాళ్ళుంటారు కదా, వాళ్ళకి 'నేనంటే ఆయనే, వెళ్ళి ఆయన్నడుగు' అని చెబుతుంది."

"మారుపేరన్నమాట."

"మారుపేరే సార్."

"మేధావి లాంటిది," అన్నాడు పాలిష్ మామయ్య. వదిన చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేధావి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండా.

కింద ఇంకో సీనేమ్ ఉంది. ఎప్పుడో ఆన్‌లైన్లో కంటి చుక్కల మందు అమ్ముదామని అన్న మొదలుపెట్టి మానేసిన దుకాణానిది. అది చూపిస్తున్న చిరునామాలో ఇప్పుడు ఎవరూ లేరు. ఎవరూ నాదనలేదు. అన్న మౌస్ నొక్కాడు. వరస మాయమైంది. అతని ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది.

"ఎన్‌ఎస్?"

"అవి ముట్టుకోకండి సార్. ఈ పట్టిక ఎవరి దగ్గరుందో చెప్పేవి అవి."

"పట్టిక ఎక్కడుందో పట్టికలోనే రాసుందా?"

"కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతికినట్టు," అన్నాడు పాలిష్ మామయ్య.

"పైవాళ్ళ దగ్గర కూడా రాసుంటుంది సార్," అని మేధావి నసిగాడు. పైవాళ్ళెవరో అతనికీ తెలియదు. అన్న ఆ మాట విని వెనక్కి తగ్గాడు. పైవాళ్ళంటే అన్నకు ఎప్పుడూ గౌరవమే.

"ఎంఎక్స్. ఇదెవరిది?"

మేధావి పెదవి విరిచాడు. "పాత మెయిల్ సెట్టింగు సార్. ఈ రోజుల్లో అక్కర్లేదనుకుంటా."

"నాది," అంది చెల్లెలు.

అందరూ ఆమెవైపు తిరిగారు. నెలనెలా జరిగే ఈ తంతులో ఆమె నోరు విప్పడం అరుదు.

"నీకెందుకే అది?"

"మనకొచ్చే ఉత్తరం ఏ గుమ్మంలో వెయ్యాలో లోకానికి చెప్పేది అది అన్నయ్యా. తీసేశావంటే పేషెంట్లు నీకు రాసేదంతా గాల్లో కలుస్తుంది. నీకు సరదాగా ఉంటే తియ్యి."

"అదే మేడమ్, నేనూ అదే చెప్పబోతున్నాను," అన్నాడు మేధావి.

అన్న చెల్లెల్ని ఓ క్షణం చూసి, "ఉండనీ," అన్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో లెక్క తేలని చూపు. ఆమె దాన్ని మందకొడితనమనుకుంది.

"టీఎక్స్‌టీ. ఇదెవరిది?"

"ఎవరో రాసుకున్న నోట్సు సార్. పేరులోనే ఉంది కదా, టెక్స్ట్ అని. దేనికీ తగిలించి లేదు."

ఆ వరస దేనికి తగిలించి ఉందో ఆ గదిలో చెల్లెలికొక్కదానికే తెలుసు. ఈ పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఫలానా మెయిల్ సర్వర్లకు ఇచ్చాం, ఇంకెవరు పంపినా మేం కాదు, అని లోకానికి ఇచ్చిన హామీ అది. మన ఉత్తరం అందుకున్న సర్వరు వెంటనే వచ్చి అడిగేది దాని గురించే. హామీ దొరక్కపోతే ఉత్తరాన్ని చెత్తలో వేస్తుంది, లేదా గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది.

"ఎవరిదయ్యా?" అన్నాడు అన్న రెండోసారి.

ఆమె గోళ్ళ కింద ఎండిన రంగు గిల్లుకుంటూ కూర్చుంది. ఆమె కళ్ళముందు ఒక దృశ్యం నడుస్తోంది. అన్న పంపే బిల్లులు ఎవరికీ చేరవు. అన్న ఫోన్లు చేస్తాడు, అరుస్తాడు. మేధావికి చెమటలు పడతాయి. ఇద్దరూ కలిసి పట్టికను మళ్ళీ మళ్ళీ కెలుకుతారు. చివరికి తను వచ్చి ఒక్క మాట చెబుతుంది. ఆ ఒక్క మాట ఎంత నెమ్మదిగా చెప్పాలో కూడా ఆమె అనుకుని పెట్టుకుంది. ఎదుటివాణ్ణి చిన్నచూపు చూసే మనిషి తనను తాను న్యాయాధిపతి అనుకుంటుంది గాని, నిజానికి ముందు వరసలో టికెట్టు కొనుక్కుని కూర్చున్న ప్రేక్షకురాలు. తెర ఎప్పుడు లేస్తుందా అని తప్ప ఆమెకు వేరే చింత ఉండదు. తనకు రావాల్సిన ఉత్తరం ఎంఎక్స్ మీద నడుస్తుంది, దాన్ని కాపాడుకుంది. వచ్చిన ఉత్తరానికి జవాబు రాయాల్సి ఉంటుందన్న సంగతిని ఆ కాసేపూ ఆమె మనసు ఆమెకు కనపడనివ్వలేదు.

మూడోసారి అడిగి, అన్న మౌస్ నొక్కాడు.

*

తరవాత ఒకటి రెండు రోజులు ఏమీ కాలేదు. కాదని ఆమెకు తెలుసు. ఇలాంటి పట్టికల్లో ప్రతి వరసకూ ఒక గడువు రాసి ఉంటుంది, ఈ జవాబు విన్నవాళ్ళు దాన్ని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో. ఆ గడువు తీరేదాకా వాళ్ళు మళ్ళీ అడగరు, పాతదే నిజమనుకుని బతికేస్తారు. పోయిన మనిషి పేర పలకరింపులు వస్తున్నట్టు, లేని టీఎక్స్‌టీ మీద లోకం కొన్నాళ్ళు నమ్మకం ఉంచింది. తరవాత మానేసింది. "ఏమిటోనమ్మా, బిల్లు రాలేదని ఇద్దరు ఫోన్ చేశారు," అంది వదిన. చెల్లెలు "అలాగా" అంది, ముఖం మీద ఏమీ కనపడనీయకుండా. లోపల తెర లేచింది.

బుధవారం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. మిమ్మల్ని ఎంపిక చేశాం, చేరతారో లేదో శుక్రవారం సాయంత్రం ఆఫీసు ముగిసేలోగా ఇదే చిరునామా నుంచి తెలపండి, జవాబు అందకపోతే తరువాతి అభ్యర్థిని పిలుస్తాం.

ఆమె రెండుసార్లు చదివింది. లేచి బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, అద్దంలో చూసుకోకుండా కాసేపు నిలబడి వచ్చింది. తరవాత జవాబు రాసింది. చేరతాను. రెండే వాక్యాలు, మర్యాదగా.

జవాబు వెళ్ళిన నిమిషానికి తిరిగొచ్చింది. ఈ ఉత్తరం పంపినవారు తాము చెప్పుకుంటున్నవారేనని నిర్ధారించుకోలేకపోయాం. అందువల్ల స్వీకరించడం లేదు.

ఆమెకు నవ్వొచ్చింది. అదే మొదట వచ్చింది. తను ఎంత నెమ్మదిగా చెప్పాలో అనుకుని పెట్టుకున్న ఆ ఒక్క మాటను ఎక్కడో గదిలో ఉన్న ఒక మిషను, ఏ ద్వేషమూ లేకుండా, తనకే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసింది. తీసినావిడ నోట్లో ఏదో నములుతోంది.

"మెయిల్ పంపండి మేడమ్."

"పంపాను. మీ దగ్గర్నుంచి తిరిగొస్తోంది."

"అయితే మీ మెయిల్లో ప్రాబ్లం."

"అవును. అందుకే ఫోన్లో చెబుతున్నాను. నేను చేరతాను. రాసుకుంటారా?"

"ఎవరు చెబుతున్నారో మాకెలా తెలుస్తుంది మేడమ్? మెయిల్ పంపండి."

"నా సొంత మెయిల్ నుంచి పంపొచ్చా?"

"అప్లికేషన్ ఏ ఐడీ నుంచి పెట్టారో ఆ ఐడీనే అండి. రూలు."

పాస్‌వర్డు అన్న దగ్గర ఉంది. మరో దారి లేదు.

*

అన్న రంగుల గదిలో ఉన్నాడు, ఎవరిదో కనుపాప పాడుచేస్తూ. ఎక్కువ మెరవాలని నీలం ఎక్కించేస్తాడు ఎప్పుడూ. ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"ఆ రోజు తీసేసిన టీఎక్స్‌టీ మళ్ళీ పెట్టాలి అన్నయ్యా."

"ఏదది?"

"నోట్సన్నాడు చూడు, మీ మేధావి. అది లేక నీ బిల్లులు కూడా పోవడం లేదు. మన మెయిలు ఎవరూ నమ్మడం లేదు."

అతను కుంచె దించలేదు. "అది ఏమిటో నీకు తెలుసా ఆ రోజు?"

"తెలుసు."

"బల్ల దగ్గరే ఉన్నావుగా."

"ఉన్నాను."

"మూడుసార్లు అడిగాను."

"అడిగావు."

"మరి అనలేదేం?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

ఏం చూద్దామనో ఆమె చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అతను కుంచె నీళ్ళలో ముంచి, గ్లాసు అంచుకు చాలాసేపు రాసి, పక్కన పెట్టాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిడితే తేలికయ్యేది. తిట్టే మనిషిని తిరస్కరించడం ఆమెకు చేతనైన పని.

"ఇప్పుడెందుకు చెబుతున్నావ్?" అన్నాడు. "బిల్లుల కోసమైతే కాదు."

కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఆసుపత్రి, ఉద్యోగం, శుక్రవారం. చెబుతున్నంతసేపూ అతను కిటికీ బయట ఎవరో సైకిలుకు గాలి కొట్టుకోవడం చూస్తున్నాడు. చెప్పడం అయిపోయాక, "జీతమెంత?" అన్నాడు. ఇతనికి ఇంతకంటే మంచి ప్రశ్న ఎలా తడుతుంది, అనుకుంది ఆమె. అయినా చెప్పింది.

"ఊఁ. ఇంతకీ ఆ టీఎక్స్‌టీ ఏం చేస్తుంది?"

ఎంత విసుగు చూపించవచ్చో అంతా చూపిస్తూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "మనం ఉత్తరం పంపామనుకో. అవతలివాడు తలుపు సందులోంచి చూసి, నువ్వెవరో నాకేం తెలుసు అంటాడు. అప్పుడు ఈ పట్టిక దగ్గరికొచ్చి అడుగుతాడు, ఫలానావాళ్ళు మీవాళ్ళేనా అని. టీఎక్స్‌టీ మన తరఫున సాక్ష్యం చెబుతుంది. మావాళ్ళే, నమ్మండి అని. అంతే. అర్థమైందా?"

"అర్థమైంది."

"ఏమర్థమైంది?"

"సాక్ష్యం."

ఆమె ఒక కాగితం ముక్క మీద ఆ వరస రాసిచ్చింది. చిన్నక్షరాలు, ఒక సమానం గుర్తు, మెయిలు కంపెనీ చిరునామా, చివర ఒక చిన్న గీతా దాని వెనక మూడక్షరాలూ. మనిషికి నోరు తిరగని మాట. "ఒక్క అక్షరం పోకుండా ఇలాగే కొట్టాలి. లేకపోతే పాస్‌వర్డు నాకియ్యి, నేనే కొడతాను."

"నేను పెడతాలే. వెళ్ళు."

పాస్‌వర్డు ఇవ్వడని ఆమెకు ముందే తెలుసు. చివరి అధికారం కూడా చేజారితే ఇక తనేమిటో అతనికే తెలియదు. ఆ విశ్లేషణ ఎప్పటిలాగే తృప్తిగా ఉంది. కాని ఎందుకో ఈసారి గుక్కెడు తక్కువగా ఉంది.

*

శుక్రవారం ఉదయం అన్న కాఫీ గ్లాసుతో ఆమె సీటు దగ్గరికొచ్చి, "రాత్రే పెట్టేశాను," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆమె జవాబు మళ్ళీ పంపింది. తిరిగొచ్చింది. అదే వాక్యం, తాము చెప్పుకుంటున్నవారేనని.

బయటివాళ్ళు అడిగితే తమ పట్టిక ఏం చెబుతోందో చూసే సాధనం ఆమె కంప్యూటర్లో ఉంది. దాని నల్లటి కిటికీలో వర్క్‌షాపు పేరు కొట్టి, టీఎక్స్‌టీ ఏమిటని అడిగింది. జవాబు వచ్చింది. వాలుగీత, మూడంకెలు, వాలుగీత, మూడంకెలు. అలా తెర అంచుదాకా వెళ్ళి, మడత తిరిగి, ఇంకా సాగింది. ఆమె రాసిచ్చిన దాంట్లో ఒక్క అక్షరం కూడా అందులో లేదు.

కీబోర్డు మీద కూర్చున్నాడా ఏం, అనుకుంది. తన జీవితమంతా ఈ మనిషి మొద్దు వేళ్ళ కింద ఉండిపోయిందన్న ఊహ, ఎన్నాళ్ళుగానో అలంకారంగా ఉన్న ఊహ, మొదటిసారి అక్షరాలా నిజమై గోడమీద గడియారంలో కదులుతోంది.

అన్న ముందుగదిలో ఒకావిడకు కొత్త కన్ను అమరుస్తున్నాడు. చెల్లెలు పేషెంటు ముందు గొంతు పెంచే మనిషి కాదు. పెంచింది.

"ఏం పెట్టావు నువ్వు? అక్షరం పోకుండా కొట్టమన్నాను కదా? కాగితం ఎదురుగా పెట్టుకుని చూసి కొట్టడం కూడా రాదా నీకు? బడికెళ్ళే పిల్లలు చేస్తారే ఆ పని!"

పేషెంటు ఒంటికంటితో ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వదిన గుమ్మంలోకి వచ్చి, "మెల్లిగామ్మా," అంది.

అన్న ఆవిడ కింది రెప్పను బొటనవేలితో పట్టుకునే ఉన్నాడు. "నువ్వు రాసిచ్చింది చూశాను," అన్నాడు. "దాంట్లో నీ పేరెక్కడా లేదు. ఎవరో కంపెనీ పేరుంది. సాక్ష్యమన్నావు. నిన్నెరగనివాడి పేరుతో సాక్ష్యమేమిటి? అందుకని నేనే రాశాను."

"ఏం రాశావు?"

"ఏదో రాశాను. ఇప్పుడు నన్ను కదిలించకు, కన్ను చేతిలో ఉంది." తల పక్కకు తిప్పి, అందరూ వింటుండగా, మామూలుగా, పాస్‌వర్డు చెప్పేశాడు. అది ఒక పనికిమాలిన పదమూ, ఒక సంవత్సరమూ. అన్నాళ్ళు ఒళ్ళు వంచి దాచిన దాంట్లో ఏమీ లేదు.

ఆమె సీటు దగ్గరికి పరిగెత్తింది. పట్టిక తెరుచుకుంది. ఏ ఉంది, సీనేమ్ ఉంది, ఎంఎక్స్ ఉంది. టీఎక్స్‌టీ ఎదురుగా, నల్లటి కిటికీ చదవడం రాక అంకెలుగా విరిచేసిన వాక్యం, ఇక్కడ తెలుగులో ఉంది.

'అయ్యా, ఈ ఉత్తరం రాసింది మా చెల్లెలే. తను వేసిన కన్నుకి, దేవుడిచ్చిన కన్నుకి తేడా నేనే పట్టలేను. నేను నేర్పింది కాదు. తనకే వచ్చు. నమ్మండి.'

చదివి ఆమె మొదట చేసిన పని, దాన్ని వెక్కిరించడానికి ఒక మాట వెతకడం. అయ్యా అట. మిషన్లకు దండం పెడుతున్నాడు. డొమైన్ పట్టికలో ఎవడైనా ఉత్తరం రాస్తాడా? లోకంలో ఎవరు అడిగినా కనపడేచోట, ఎవరూ చదవనిచోట. మాటలు చాలానే దొరికాయి, దొరికినవన్నీ నిజాలే. కాని అవి ఒకదాని తరవాత ఒకటి వస్తుంటే, తను ఏదో తలుపు మూయడానికి తోస్తున్నట్టూ, అవతల ఎవరూ తోయకపోయినా తలుపు పడటం లేదన్నట్టూ అనిపించింది. నేను నేర్పింది కాదు. ఇన్నేళ్ళుగా ఆమె ఒక్క మనిషిని మూర్ఖుడిగా ఉంచి, ఆ మూర్ఖత్వం మీద తన తెలివిని నిలబెట్టుకుంది. అతనికి అంతా తెలుసు. తెలిసే, అందరి ముందూ అబద్ధం చెబుతూ వచ్చాడు. ఆ బలహీనత ఎంత చిన్నదో, ఎంత మామూలుదో, తన దాంతో ఎంత దగ్గరి చుట్టరికం ఉన్నదో చూడటం ఆమెకు అసహ్యంగా ఉంది. అసహ్యం ఎవరి మీదో ఆమె తేల్చుకోలేదు. టైము లేదు.

టీఎక్స్‌టీలు ఎన్నైనా ఉండొచ్చు. హామీ వరస మాత్రం ఒక్కటే ఉండాలి. మిగతావాటిని సర్వర్లు తమది కాదని దాటి వెళ్ళిపోతాయి. ఆమె కొత్త వరస తెరిచి మిషన్ల భాషలో తన వరస కొట్టింది. ఒక్క అక్షరం పోకుండా. పక్కదాన్ని తీసేయడానికి అరక్షణం పట్టేది. తీయలేదు. అడ్డం కాదు కాబట్టి, అని చెప్పుకుంది.

ఇక ఎదురుచూడాలి. ఆసుపత్రి సర్వరు పొద్దున్నే ఒకసారి వచ్చి అడిగి, అన్న వాక్యాన్ని పట్టుకెళ్ళింది. దాని గడువు తీరేదాకా మళ్ళీ అడగదు. ఈలోపు ఏం చేసినా వృథా. చేయకుండా ఉండటమే పని. ఇలాంటప్పుడే అన్నలాంటివాళ్ళు కంగారుపడి కెలుకుతారు అని ఎప్పటి అలవాటు కొద్దీ అనుకోబోయి, తన వేలు మౌస్ మీద ఉందని గమనించి తీసేసింది. పట్టుదారాల పెట్టె ముందుకు లాక్కుని, సగంలో ఉన్న ఒక గుడ్డు మీద నాళాలు పరచసాగింది. ఒక దారం వంకర పోయింది. అలాగే ఉంచింది. నిజం కళ్ళలో అలాగే ఉంటాయి.

మధ్యలో మేధావి వచ్చాడు. ఆమె భుజం మీదుగా తెరలోకి తొంగి చూసి, పెద్దగా నవ్వాడు. "ఎవరు మేడమ్ ఈ అయ్యా? టీఎక్స్‌టీలో కథ రాశారేంటి? సారేనా? అయ్యో రామ!" ఆ నవ్వు ఆమెకు బాగా తెలిసిన నవ్వు. ఇన్నాళ్ళూ లోపల్నుంచి విన్నది. బయట్నుంచి ఎలా ఉంటుందో తెలియదు. పళ్ళ మీద పళ్ళు రాస్తున్నట్టుంది.

"ఎంఎక్స్ అక్కర్లేదన్నది మీరే కదూ?" అంది తల తిప్పకుండా. "కూర్చోండి, అదేం చేస్తుందో చెప్పండి. వింటాను."

"నాకు అవతల పనుంది మేడమ్," అని అతను వెళ్ళిపోయాడు.

నాలుగు దాటాక ఆమె మళ్ళీ పంపింది. నిమిషం చూసింది. ఇంకో నిమిషం. ఏదీ తిరిగిరాలేదు. కాసేపటికి ఆసుపత్రి నుంచి చిన్న ఉత్తరం: మీ అంగీకారం అందింది, చేరే తేదీ సోమవారం తెలియజేస్తాం.

అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. "వెళ్ళిందా?"

"వెళ్ళింది. అందిందట."

"ఊఁ." తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చాడు. "నేను రాసింది చదివారా వాళ్ళు?"

"మనుషులు చదవరన్నయ్యా. మిషన్లు చూస్తాయి. వాటికి పనికొచ్చేది కాకపోతే దాటేస్తాయి."

"దాటేశాయా?"

"దాటేశాయి."

"పోన్లే." తేలికపడ్డట్టే ఉన్నాడు. వెళ్ళబోయి, వెనక్కి తిరిగి, "నువ్వు చూశావా?" అన్నాడు.

ఆమె అతని ముఖం చూసింది. దొంగతనం చేసి పట్టుబడతానేమోనని చూసే ముఖం.

"నాకు అంకెలే కనిపించాయి," అంది. "వాలుగీతలూ అంకెలూ."

"అంకెలా?" నవ్వాడు, గట్టిగా, పూర్తిగా. "అయితే సరే. నీ సామాను ఎప్పుడు సర్దుతావో మీ వదినకు చెప్పు, లేకపోతే నన్ను చంపుతుంది."

అతను ముందుగదిలోకి వెళ్ళాడు. ఉదయం వచ్చినావిడ కొత్త కన్నుతో అద్దం ముందు కూర్చుని, రెండు కళ్ళూ అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "ఎంత బాగా కుదిరిందండీ," అంటోంది. "రంగు వేసిందెవరు?"

"మా చెల్లెలండీ," అంది అన్న గొంతు. "చెయ్యి పట్టుకుని నేనే నేర్పాను."

ఆమెకు కోపం రాలేదనడం అబద్ధం. వచ్చింది, ఎప్పుడూ వచ్చేంతా వచ్చింది. తెరమీద పట్టిక ఇంకా తెరిచే ఉంది. అన్న రాసిన వాక్యం పక్కన, విన్నవాళ్ళు దాన్ని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడి ఉంది. ఆమె అందులో ఉన్న అంకె చెరిపి, ఆ గడి ఒప్పుకునే అన్నిటికంటే పెద్ద అంకె వేసి, భద్రపరచు అన్నచోట నొక్కింది.